ఎండకు శ్రుతి తప్పే వాద్యం

నల్లగొండలోనో పాలమూరులోనో పెండ్లి బరాత్ చూసినవాళ్లకు నాగిన్ పాట గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. బ్యాండు వాళ్లు ఆ రాగం ఎత్తుకోగానే పెండ్లికొడుకు దోస్తుల్లో ఒకడు దస్తీ కొస పండ్ల మధ్య బిగించి పాములవాడవుతాడు. ఇంకొకడు చేతులు పడగెత్తి రోడ్డు మీదనే మెలికలు తిరుగుతాడు. ఆ రాగం 1954లో వచ్చిన 'నాగిన్' అనే హిందీ సినిమాలోది. సంగీత దర్శకుడు హేమంత్ కుమార్. అందులో పాములవాడు బుర్ర ఊదినట్టు వినిపించే ధ్వనిని పలికించింది కల్యాణ్‌జీ. తర్వాతి కాలంలో కల్యాణ్‌జీ ఆనంద్‌జీ జంటగా పేరు పొందిన వారిలో ఒకరు ఆయన. ఆయన ముందున్న వాద్యం పేరు క్లావియోలిన్. ఫ్రాన్స్‌లో కాన్‌స్టాంట్ మార్టిన్ అనే ఆయన 1947లో దాన్ని రూపొందించాడు. లోపల వాల్వులు, కండెన్సర్లు, తీగచుట్టలు. ఊదేది లేదు, మీటేది లేదు. కరెంటే పాడుతుంది.

అంటే డెబ్బై ఏండ్లకు పైగా మన ఊళ్లు ఎలక్ట్రానిక్ వాద్యం పుట్టించిన రాగానికి చిందులేస్తున్నాయి. అలాంటి వాద్యాల్లో ఒక రకమైన అనలాగ్ సింథసైజర్ గురించి, దాన్ని ఇంట్లో ఉంచుకోవడం గురించి, చెడిపోతే మన జిల్లాల్లోనే బాగుచేసుకోవడం గురించి ఈ ప్రసంగంలో మాట్లాడతాను.

సింథసైజర్ అనగానే ఇవాళ పందిట్లో కనిపించే కీబోర్డు గుర్తుకొస్తుంది. దానిలో వీణ, వేణువు, వయొలిన్ అన్నీ ముందే రికార్డయి, అంకెల రూపంలో చిప్పులో దాగి ఉంటాయి. మీట నొక్కితే ఆ రికార్డు బయటికొస్తుంది. నేను చెప్పేది అంతకు ముందు తరం యంత్రం. దానిలో దాచిపెట్టిన ధ్వని ఏదీ ఉండదు. మీట నొక్కిన క్షణంలోనే ధ్వని తయారవుతుంది. ఆసిలేటర్ అనే భాగంలో ఒక చిన్న కండెన్సర్ కరెంటుతో నిండుతుంది. ఒక మట్టానికి చేరగానే ఖాళీ అయి, మళ్లీ నిండుతుంది. ఇది సెకనుకు 440 సార్లు జరిగితే పాశ్చాత్య వాద్యబృందాలు శ్రుతి కలుపుకునే ఒక స్వరం పలుకుతుంది. 880 సార్లు జరిగితే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. ఆ ధ్వని మొదట్లో గరుకుగా, కర్కశంగా ఉంటుంది. దాన్ని ఫిల్టర్ అనే భాగం మలుస్తుంది. మీరు నోరు బాగా తెరిచి 'ఆ' అంటూ, శ్రుతి మార్చకుండా పెదవులు మెల్లగా ముడిచి 'ఊ'లోకి రండి. స్వరం అదే, రంగు మారింది. ఫిల్టర్ చేసే పని సరిగ్గా అదే. మూడోది ఆంప్లిఫైయర్. స్వరం ఒక్కసారిగా మొదలవ్వాలా, మెల్లగా ఉబికి రావాలా, టక్కున తెగాలా, నానుతూ పోవాలా అన్నది అక్కడ తేలుతుంది.

ఈ మూడింటినీ వోల్టేజీతో నడపవచ్చని చూపించినవాళ్లలో ముఖ్యుడు అమెరికా ఇంజనీరు రాబర్ట్ మోగ్. 1964లో హెర్బర్ట్ డాయిచ్ అనే స్వరకర్తతో కలిసి ఆయన మొదటి నమూనా తయారుచేశాడు. ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి పైకి వెళ్లాలి అనే లెక్క ఆయన యంత్రాలతోనే స్థిరపడింది. గది గోడంత ఉండే ఆ సరంజామాను ఒక మనిషి మోయగలిగే పెట్టెలోకి కుదించి 1970లో మినీమోగ్ తెచ్చారు. దాని ఫిల్టర్‌లో ట్రాన్సిస్టర్లు జంటలు జంటలుగా నిచ్చెన మెట్ల మాదిరి ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఆ ఫిల్టర్ ధ్వనిని ఇప్పటికీ ప్రపంచమంతా అనుకరిస్తూనే ఉంది.

సింథసైజర్ మన దేశానికి ఆలస్యంగా వచ్చిందనుకోకండి. 1969లోనే అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థలో మోగ్ యంత్రం దిగింది. న్యూయార్క్ నుంచి డేవిడ్ ట్యూడర్ వచ్చి దాన్ని అమర్చాడు. గీతా సారాభాయ్ వంటి వాళ్లు దాని మీద పనిచేశారు. ఆ టేపులు దశాబ్దాల పాటు మూలన పడి, ఈ మధ్యనే వెలుగు చూశాయి. 1982లో చరణ్‌జీత్ సింగ్ అనే బొంబాయి స్టూడియో వాద్యకారుడు మూడు జపాన్ యంత్రాల మీద పది హిందుస్తానీ రాగాలను డిస్కో దరువుతో వాయించి హెచ్.ఎం.వి. రికార్డుగా తెచ్చాడు. అప్పుడు దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2010లో ఆ రికార్డు మళ్లీ విడుదలయ్యాక, పాశ్చాత్య దేశాల్లో ఆసిడ్ హౌస్ అని పేరు పెట్టిన సంగీతం కన్నా ఐదేండ్ల ముందే ఈయన అలాంటిది చేశాడని అక్కడి విమర్శకులు ఆశ్చర్యపోయారు.

తెలుగు సినిమా పాటకు వస్తే ఒక ఇంటి సంగతి చెప్పాలి. మద్రాసులో ఆర్.కె. శేఖర్ అనే సంగీతకారుడు మలయాళ, తమిళ సినిమాలకు పనిచేసేవాడు. కొత్త ఎలక్ట్రానిక్ వాద్యాలంటే ఆయనకు ప్రాణం. 1976లో ఆయన చనిపోయాడు. ఆ తర్వాత ఆ కుటుంబం ఆయన కొన్న వాద్యాలను అద్దెకిచ్చుకుంటూ బతికింది. ఆయన కొడుకే ఏ.ఆర్. రెహమాన్. ఆ పిల్లవాడు పెరిగి, సొంతంగా సంగీత దర్శకుడయ్యే ముందు రమేశ్ నాయుడు, రాజ్-కోటి వంటి మన సంగీత దర్శకుల దగ్గర కీబోర్డు వాయించాడు. వాద్యం అంటే సొత్తు అని, అది ఒక ఇంటిని నిలబెట్టగలదని నాకు ఈ ఉదంతం చెప్పినంత గట్టిగా ఇంకేదీ చెప్పలేదు.

సినిమా స్టూడియోలో మొదలైన ఆ మోజు 1980ల్లో మన జిల్లా కేంద్రాల దాకా పాకింది. హైదరాబాద్ పట్నంలో లైట్ మ్యూజిక్ ఆర్కెస్ట్రాలుండేవి. వినాయక నవరాత్రులకు, పెండ్లి విందులకు, కాలేజీ వార్షికోత్సవాలకు అవి నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వచ్చేవి. బాంగో, కాంగో, గిటార్, అకార్డియన్, వాటి పక్కన గుండ్రటి మీటలెన్నో ఉన్న ఒక నల్లపెట్టె. సినిమా పాటలో వినిపించే ఈల, గాలి హోరు, బొంగురు బేస్ ఆ పెట్టె నుంచే వచ్చేవి. క్యాసెట్లు చౌకయ్యాయి, తర్వాత డిజిటల్ కీబోర్డులొచ్చాయి, ఆ తర్వాత పెన్‌డ్రైవులో ట్రాక్ పెట్టి పాడేయడం వచ్చింది. ఆర్కెస్ట్రాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నల్లపెట్టెలు అటకెక్కాయి.

నా దగ్గరున్నది అలా అటక మీదనుంచి దిగిందే. 1980ల తొలినాళ్లలో జపాన్‌లో తయారైంది. 37 మీటలు, రెండు ఆసిలేటర్లు, ఒకసారికి ఒకే స్వరం పలుకుతుంది. పట్నం ఆర్కెస్ట్రాలో వాయించి, పాలమూరులో స్థిరపడిన ఒక వాద్యకారుడిది. ఆయన పోయాక ఇంట్లోవాళ్లు దాన్ని పాత ఇనుప సామాను వాడికి వేయబోతుంటే నాకు కబురొచ్చింది. పెట్టెతోపాటు ఆయన రాసుకున్న ఒక నోటుబుక్కు కూడా ఇచ్చారు. ఈ యంత్రానికి జ్ఞాపకశక్తి లేదు, అంటే ఒకసారి కుదిర్చిన ధ్వనిని దాచుకోలేదు. అందుకని ప్రతి పాటకు ఏ గుండ్రటి మీట ఎంత తిప్పాలో ఆయన పెన్సిల్‌తో చిన్న చిన్న గడియారాల బొమ్మలు గీసుకున్నాడు. ముల్లు రెండు మీదుంటే ఇంత, పది మీదుంటే అంత. పక్కన ఈల, పిల్లనగ్రోవి, ఉరుము, రైలు అని రాసి ఉంది. ఆ నోటుబుక్కు నాకు పెట్టె కన్నా విలువైంది. ఒక మనిషి వినికిడి అంతా దాంట్లో ఉంది.

ఇక బాగుచేయడం సంగతి. మొట్టమొదటి మాట: అటక మీద ఏండ్ల తరబడి ఉన్న ఎలక్ట్రానిక్ వాద్యాన్ని దించగానే ప్లగ్గు పెట్టి చూడకండి. మన గోడలో వచ్చేది 230 వోల్టులు. జపాన్ వాళ్ల ఇండ్లలో 100 వోల్టులే. ఆ దేశం కోసం తయారైన యంత్రాన్ని నేరుగా మన సాకెట్లో పెడితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది, దాంతోపాటు లోపలి బోర్డు కూడా పోవచ్చు. వెనకవైపు ఎన్ని వోల్టులు అని అచ్చు వేసి ఉంటుంది, ముందు అది చదవాలి. 100 అని ఉంటే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. తర్వాత పవర్ సప్లైలో ఉండే పెద్ద కండెన్సర్లు. వాటి లోపల తడి రసాయనం ఉంటుంది. నలభై ఏండ్లలో, అందులోనూ మన రేకుల ఇండ్ల వేడిలో, అది ఎండిపోతుంది. అలా ఎండినవి కరెంటులోని గురగురను ఆపలేవు, ఒక్కోసారి పేలుతాయి కూడా. వాటిని మార్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు. తెలిసినవాళ్ల చేత పవర్ సప్లైని విడిగా పరీక్షించి, వోల్టేజీలు సరిగ్గా ఉన్నాయని తేలాకే మిగతా బోర్డులు కలపాలి. ప్లగ్గు పీకేసినా పెద్ద కండెన్సర్లలో కొంతసేపు కరెంటు నిలిచే ఉంటుందని మరిచిపోవద్దు.

ధ్వనుల్ని గుర్తుపెట్టుకునే రకం సింథసైజర్లకు ఇంకో ప్రమాదముంది. 1978లో వచ్చిన ప్రాఫెట్-5 మొదలు చాలా వాటిలో జ్ఞాపకం నిలపడానికి బ్యాటరీ ఉంటుంది. 1981 నాటి కోర్గ్ పాలిసిక్స్‌లో నికెల్ కాడ్మియం బ్యాటరీని బోర్డు మీదనే టంకం వేసి బిగించారు. పాతబడితే అది కారుతుంది. ఆ క్షారం బోర్డు మీది రాగి గీతలను తినేస్తుంది. ప్రపంచంలో ఎక్కడ పాలిసిక్స్ ఉన్నా యజమాని మొదట వెతికేది ఆ బ్యాటరీనే. కారినట్టు పచ్చటి పొర కనిపిస్తే బ్యాటరీ తీసేసి, పలుచటి వెనిగర్‌తో ఆ క్షారాన్ని చంపి, ఆపైన స్పిరిట్‌తో కడిగి, తెగిన గీతలకు సన్నటి వైర్లు వేయాలి. ఓపికగల పని, కానీ మన ఊరి సెల్‌ఫోన్ మెకానిక్కులు ఇంతకన్నా సన్నటి పని రోజూ చేస్తున్నారు.

నేను అన్నిటికన్నా ఎక్కువ కష్టపడింది ఎండతో. ఇది మన నేలకు ప్రత్యేకమైన బాధ, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

నల్లగొండ ఎండలు మీకు తెలియనివి కావు. మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలు. రాతి గుట్టలు పగలంతా కాగి రాత్రిపూట సెగ వదులుతాయి. మార్చి నుంచి నా సింథసైజర్ పొద్దున ఒక శ్రుతిలో, మధ్యాహ్నం ఇంకో శ్రుతిలో పలికేది. తంబూరా తీగ కూడా వేడికి సడలుతుంది, కానీ అది మొత్తంగా సడలుతుంది, మళ్లీ బిగించుకోవచ్చు. ఇక్కడి తిప్పలు వేరు. కింది షడ్జం సరిచేస్తే పై షడ్జం తప్పుతుంది. పైది సరిచేస్తే మధ్యలో పంచమం తప్పుతుంది. స్వరాల మధ్య దూరమే కుంచించుకుపోతుంది.

కారణం ట్రాన్సిస్టర్ స్వభావంలోనే ఉంది. ట్రాన్సిస్టర్ బేస్ దగ్గర వోల్టేజీ సుమారు 18 మిల్లీవోల్టులు పెరిగితే దాని గుండా పారే కరెంటు రెట్టింపవుతుంది. కరెంటు రెట్టింపైతే కండెన్సర్ రెట్టింపు వేగంతో నిండుతుంది, స్వరం సరిగ్గా ఒక స్థాయి పైకి వెళుతుంది. సంగీతానికి ఇంతకన్నా అనువైన గుణం ఏ వస్తువులోనూ దొరకదు, అందుకే ఇంజనీర్లు దాన్ని పట్టుకున్నారు. అయితే ఆ 18 మిల్లీవోల్టుల లెక్క 27 డిగ్రీలున్న గదిలోది. వేడి ఒక్కో డిగ్రీ పెరిగినప్పుడల్లా ఆ లెక్క దాదాపు 300లో ఒక వంతు మారుతుంది. 10 డిగ్రీలు పెరిగితే 3 శాతం దాటుతుంది. 3 శాతమే కదా అనిపిస్తుంది. రెండు స్థాయిల్లో 24 అర్ధస్వరాలున్నాయి. 24లో 3.3 శాతమంటే దాదాపు 0.8. దిద్దుబాటు ఏదీ లేకపోతే రెండు స్థాయిల పైనున్న స్వరం ముప్పాతిక అర్ధస్వరం కిందికి జారుతుంది. సంగీతం నేర్చుకోనివాళ్ల చెవికి కూడా అది అపస్వరమే.

ఇంజనీర్లకు ఇది తెలుసు. అందుకే ఒక ప్రత్యేకమైన రెసిస్టర్ వాడారు. వేడి ఒక్కో డిగ్రీ పెరిగితే దాని నిరోధం కూడా 10 లక్షలకు 3300 చొప్పున, అంటే దాదాపు అదే 300లో ఒక వంతు పెరుగుతుంది. ట్రాన్సిస్టర్ ఎంత తప్పుతుందో ఇది అంత సరిచేస్తుంది. కాకపోతే ఇద్దరూ ఒకే వేడిలో ఉండాలి. దానికోసం ఆ రెసిస్టర్‌ని ట్రాన్సిస్టర్ల జంటకు ఆనించి, మధ్యలో వేడిని పంచే తెల్లటి పేస్టు పూస్తారు. నా పెట్టెలో ఆ పేస్టు ఎండి సుద్దలా రాలిపోయింది. రెసిస్టర్ ఒకచోట, ట్రాన్సిస్టర్లు ఒకచోట, మధ్యలో గాలి. ట్రాన్సిస్టర్లు పవర్ సప్లై వేడికి కాగుతున్నాయి, రెసిస్టర్‌కు ఆ సంగతే అందడం లేదు. పాత పేస్టు తుడిచి, కొత్తది పూసి, రెండింటినీ కలిపి బిగించాక రోగం చాలావరకు పోయింది. ఆ పేస్టు కంప్యూటర్ ప్రాసెసర్లకు పూసేదే, మన ఊళ్లో కంప్యూటర్ రిపేరు చేసే ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది.

దీన్ని కనిపెట్టింది నేనొక్కడినే కాదు. నల్లగొండలో ఒక పెద్దాయన ఉన్నారు, అందరూ చాచా అంటారు. నలుపు తెలుపు టీవీల కాలం నుంచి మెకానిక్కు. హైదరాబాద్‌లోని ఈ.సి.ఐ.ఎల్. తయారుచేసిన ఈ.సి. టీవీలు ఊరూరా ఉన్న రోజుల్లో వాటి గుండెకాయ చూసినవారు. సింథసైజర్‌ని ఆయన అంతకు ముందు ఎన్నడూ విప్పలేదు. నా పెట్టె మూత తీసి కాసేపు చూసి, "సార్, ఇది టీవీ లెక్కనే ఉన్నది. పవర్ సప్లై మంచిగుంటే సగం బీమారి పోయినట్టే" అన్నారు. "చాచా, మీ దగ్గర స్కోపు ఉందా?" అని, కరెంటు తరంగాన్ని తెర మీద చూపించే ఆసిలోస్కోపు గురించి అడిగితే, "ఉన్నది సార్. చూసేటోళ్లే లేరు" అన్నారు. ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది.

చాచా పద్ధతి చూసి నేర్చుకోవాల్సింది. ముందు కళ్లతో చూస్తారు. ఎక్కడ నల్లబడింది, ఎక్కడ ఉబ్బింది, ఎక్కడ టంకం చుట్టూ సన్నటి నెర్రె పడింది. తర్వాత ఎండు కర్రపుల్లతో ఒక్కో భాగాన్ని మెల్లగా తట్టుతూ ధ్వని వింటారు. ఎక్కడ తడితే బరబరమంటుందో అక్కడ టంకం వదిలింది. ఆ తర్వాత హెయిర్ డ్రయ్యర్‌తో ఒక్కో మూలకు వేడి గాలి కొడతారు. ఏ మూల కాగినప్పుడు శ్రుతి జారుతుందో రోగం ఆ మూలదే. మా పేస్టు సంగతి బయటపడింది అలాగే. సర్క్యూట్ బొమ్మ చేతిలో ఉన్నా ఆయన చివరికి నమ్మేది చెవినే. విడిభాగాల కోసం కోఠీలోని గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. ట్రిమ్మర్లు, కండెన్సర్లు, ట్రాన్సిస్టర్లు, పాత నంబర్ల ఐసీలు ఓపికగా అడిగితే అక్కడ దొరుకుతాయి.

దొరకనివి కూడా ఉంటాయి, అది దాచకూడదు. ఆ కాలపు సింథసైజర్లలో కొన్ని ప్రత్యేకమైన ఐసీలు వాడారు. అమెరికాలో డగ్ కర్టిస్ అనే ఇంజనీరు రూపొందించిన 3340 అనే చిప్పు ఒక పూర్తి ఆసిలేటర్. వేడికి దిద్దుబాటు కూడా దాని లోపలే ఉంటుంది. ఎన్నో ప్రసిద్ధ యంత్రాలకు అదే ప్రాణం. చాలాకాలం దాని తయారీ ఆగిపోయింది, ఇటీవలి ఏండ్లలో మళ్లీ మొదలైంది. యూరప్‌లో లాత్వియా దేశంలోని ఒక కర్మాగారం కూడా దాని నకలు తయారుచేస్తోంది. 1984 నాటి రోలాండ్ జూనో-106లో ఇంకో కథ ఉంది. దాని ఆరు స్వరాలకు ఆరు చిన్న బోర్డులు, వాటి మీద నల్లటి రెజిన్ పూత. పాతబడిన కొద్దీ ఆ పూతే కరెంటును దారి తప్పించి, స్వరాలు ఒక్కొక్కటే చిటపటలాడి మూగబోతాయి. ఏ స్వరం పోయిందో ఆ యంత్రమే చెబుతుంది. కీ ట్రాన్స్‌పోజ్ మీట నొక్కిపట్టి స్విచ్చి వేస్తే పరీక్షా పద్ధతిలోకి వెళుతుంది, నొక్కిన ప్రతి మీటకూ ఎన్నో నంబరు స్వరం పలికిందో అంకెలో చూపిస్తుంది. పోయిన బోర్డును ఊడదీసి అసిటోన్‌లో కొన్ని రోజులు నానబెడితే ఆ పూత కరిగిపోతుంది, చాలాసార్లు గొంతు తిరిగి వస్తుంది. ఎవరో ఓపికగల మనిషి ప్రయత్నించి చూసి, పది మందికి చెప్పిన వైద్యమిది. ఈ రంగంలో జ్ఞానం ఇలాగే పెరిగింది.

దుమ్ము గురించి రెండు మాటలు చాలు. మీటల కింద సన్నటి తీగలు లోహపు కడ్డీకి తగిలి స్వరం పలికిస్తాయి. వాటి మీద మన ఎర్రమట్టి దుమ్ము పేరుకుంటే స్వరం రెండుసార్లు పలుకుతుంది, లేదా అసలు పలకదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి గుడ్డ చాలు. గరుకు కాగితంతో రుద్దితే పైనున్న మంచి పూత పోతుంది, అలా చేయకండి. వానకాలంలో చీమలు, బల్లి గుడ్లు చూసుకోవాలి. గుడ్డ కవరు వాడండి, ప్లాస్టిక్ కవరు లోపల చెమ్మ పట్టేస్తుంది.

ఇంత కష్టం ఎందుకు, ఈ ధ్వనులన్నీ ఫోన్లోనే దొరుకుతాయి కదా అని యువకులు అడుగుతారు. నిజమే, దొరుకుతాయి. నా సమాధానం గమకం దగ్గర మొదలవుతుంది. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది, 1971లో గానీ ఆ నిషేధం సడలలేదు. హార్మోనియం స్వరాలు మెట్ల మీద నిలబడి ఉంటాయి, ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు జారలేవు, మన సంగీతానికి అది సరిపడదన్నది ఆనాటి వాదనల్లో ఒకటి. అనలాగ్ సింథసైజర్‌కు ఆ అడ్డు లేదు. వోల్టేజీ మెట్లు మెట్లుగా పెరగాలని నియమం లేదు, జారుగా కూడా పెరగవచ్చు. ఒక మీట తిప్పితే స్వరం నుంచి స్వరానికి జారుడు వస్తుంది, పక్కనున్న చక్రంతో ఊపు వస్తుంది. తోడి రాగంలో గాంధారాన్ని దాని మీద ఊపి చూశాను. వీణ వాయించినట్టు ఉండదు. దానికంటూ ఒక గొంతు ఉంది, ఆ గొంతుతో గమకం పలుకుతుంది. కల్యాణ్‌జీ 1954లో క్లావియోలిన్ మీద పాములవాడి ఊదుడును పట్టుకోగలిగాడంటే ఎలక్ట్రానిక్ వాద్యానికి ఈ నేల సంగీతం పరాయిది కాదన్నట్టే.

ఇంకో సమాధానం కూడా ఉంది, నాకు అదే ముఖ్యం. ఈ పెట్టెను విప్పితే ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది. ఇది నిండుతుంది, అది ఖాళీ అవుతుంది, ఇది వడపోస్తుంది అని వేలు పెట్టి చూపించవచ్చు. ఇంటర్ చదివే పిల్లలకు కండెన్సర్ గురించి బోర్డు మీద సూత్రం రాసి చెప్పేదానికన్నా, దాన్ని మార్చి స్వరం మారడం వినిపిస్తే వాళ్ల ముఖం వెలుగుతుంది. ఆలస్యం చేస్తే ఏమవుతుందో కిన్నెరను చూస్తే తెలుస్తుంది. నాగర్‌కర్నూలు జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన వాయించే 12 మెట్ల కిన్నెర వెదురు బొంగుకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి చేసిన వాద్యం. దాని గురించి తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది మిగిలాక గానీ మనం కళ్లు తెరవలేదు. నల్లపెట్టెల విషయంలోనూ ఆ దాకా ఆగొద్దని నా మనవి. కిన్నెరకు ఉన్న చరిత్ర వీటికి లేకపోవచ్చు. కానీ మన ఆర్కెస్ట్రా కళాకారులు ఇరవై ముప్పై ఏండ్లు వీటి మీద బతికారు, వీటితో మన రాత్రులను నింపారు. వాళ్ల గురించి రాసి ఉంచింది చాలా తక్కువ.

మీ ఇంట్లో ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె ఉంటే అదీ ఈ కుటుంబంలోదే. బెంగళూరులో రాడెల్ సంస్థను స్థాపించిన జి. రాజ్ నారాయణ్ ఇంజనీరు, వేణుగాన విద్వాంసుడు కూడా. ఆయన వంటి వాళ్ల కృషి వల్ల ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె దక్షిణాదిన సంగీతం నేర్చుకునే ఇండ్లలోకి వచ్చింది. పాత శ్రుతిపెట్టెల లోపల ఉండేది కూడా ట్రాన్సిస్టర్ ఆసిలేటర్లే. అది గొంతు పోయిందని పారేయకండి. రిపేరు నేర్చుకోవాలనుకునే పిల్లలకు మొదటి పాఠానికి అంతకన్నా మంచి యంత్రం లేదు. చిన్నది, బోర్డు సులువుగా అర్థమవుతుంది.

చివరగా కొన్ని విన్నపాలు. మీ ఇంట్లోనో, మీకు తెలిసిన ఆర్కెస్ట్రా కళాకారుల ఇంట్లోనో పాత సింథసైజర్, ఎలక్ట్రిక్ ఆర్గాన్, శ్రుతిపెట్టె ఉంటే కిలోల లెక్కన అమ్మకండి. ప్లగ్గు పెట్టకుండా, వెనకనున్న పేరు, నంబరు, వోల్టేజీ రాసి పెట్టుకోండి. పెట్టెతోపాటు నోటుబుక్కులు, క్యాసెట్లు, కార్యక్రమాల కరపత్రాలు ఉంటే అవీ దాచండి. వాయించినవాళ్లు జీవించి ఉంటే ఫోన్లో వాళ్ల మాటలు రికార్డు చేయండి. ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ అధ్యాపకులకు ఒక మాట: మీ ఊళ్లో పాత టీవీ మెకానిక్కులు ఇంకా ఉన్నారు. వారానికి ఒక పూట వాళ్లను మీ ల్యాబుకు పిలవండి, గౌరవ వేతనం ఇవ్వండి, పిల్లలను వాళ్ల పక్కన కూర్చోబెట్టండి. స్కోపులు మీ దగ్గర ఉన్నాయి, చూసే కళ్లు వాళ్ల దగ్గర ఉన్నాయి. వాళ్లలో చాలామందికి ఇప్పుడు అరవై దాటింది. ఈ పని ఈ ఏడాదే మొదలుపెట్టండి.